పిల్లల చేతికి సైన్స్ అందించడం ఎలా?

"సైన్స్ చదువు, ఇంజినీరు అవు, జీవితం బాగుంటుంది" అని పదకొండేళ్ల పిల్లవాడికి చెప్పి చూడండి. తలాడించి ఆటకు పోతాడు. వాడి తప్పేమీ లేదు. పదేళ్ల తర్వాత వచ్చే ఉద్యోగం ఆ వయసుకు ఎవరి కథో. అదే పిల్లవాడి చేతికి ఒక దారం, ఒక ఇనుప నట్టు, ఒక స్టాప్‌వాచ్ ఇచ్చి, దాదాపు అందరూ తప్పుగా ఊహించే ప్రశ్న ఒకటి అడగండి. భోజనానికి పిలిచినా లేవడు.

తన ప్రశ్నకు తానే కొలిచి జవాబు రాబట్టిన అనుభవం పిల్లలకు ముందు కావాలి. స్ఫూర్తి ప్రసంగాలు, ప్రదర్శనలు, కెరీర్ సలహాలు ఆ తర్వాతి సంగతి. ఈ వరుస తిరగబడితే ఎంత చెప్పినా ఒంటబట్టదు. పది నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలున్న తల్లిదండ్రులు, ఆ తరగతులకు చెప్పే ఉపాధ్యాయులు కింద రాసిన వరుసలో వెళ్లవచ్చు. ప్రయోగశాల అక్కర్లేదు. ఓపిక మాత్రం కావాలి, ముఖ్యంగా నోరు అదుపులో పెట్టుకునే ఓపిక.

ముందు ప్రశ్నలు పోగు చేయండి

ఒక వారం పాటు పిల్లలు అడిగే ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టండి. జవాబులు చెప్పకండి, రాసుకోండి అంతే. వారం చివర వాటిని మూడు కుప్పలు చేయండి. పుస్తకం చూస్తే తేలిపోయేవి ఒక కుప్ప: శని గ్రహానికి వలయాలు దేనితో అయ్యాయి, లాంటివి. మనమున్న చోట, మన దగ్గరున్న వస్తువులతో పరీక్షించగలిగేవి రెండో కుప్ప. ఇప్పట్లో మన చేతికి అందనివి మూడో కుప్ప. మీకు పని రెండో కుప్పతో. మిగతా రెండూ పారేయనక్కర్లేదు, తర్వాత పనికొస్తాయి.

రెండో కుప్ప చాలాసార్లు చిన్నదిగా ఉంటుంది. పిల్లలు "ఎందుకు" అని అడుగుతారు, "ఎందుకు"ను నేరుగా పరీక్షించడం కష్టం. అక్కడ మీ సాయం కావాలి. ప్రశ్నను "ఏది మారిస్తే ఏది మారుతుంది?" అనే రూపంలోకి తిప్పండి. "ఊయల ఎందుకు ఊగుతుంది?" అని అడిగితే మీరూ నేనూ అరగంట ఉపన్యాసం ఇస్తాం, వినేవాళ్లకు నిద్ర వస్తుంది. "తాడు పొడవు సగం చేస్తే ఊగడానికి పట్టే సమయం ఎంతవుతుంది?" అంటే అది పని. గడియారం పట్టుకుని కూర్చోవచ్చు.

మొదటి ప్రయోగం: దారం, నట్టు, స్టాప్‌వాచ్

దారం చివర ఒక నట్టు కట్టి, రెండో చివరను బల్ల అంచుకో తలుపు పైకమ్మీకో గట్టిగా బిగించండి. కట్టిన చోటు నుంచి నట్టు మధ్య భాగం వరకు సరిగ్గా ఒక మీటరు ఉండాలి. కొద్దిగా పక్కకు లాగి వదలమనండి. మరీ ఎక్కువ లాగితే లెక్క చెడుతుంది. అటు వెళ్లి తిరిగి మొదటి చోటికి వస్తే ఒక డోలనం. ఇరవై డోలనాలకు ఎంత సమయం పట్టిందో చూడమనండి. సుమారు 40 సెకన్లు రావాలి.

కొందరికి 38 వస్తుంది. గడియారం బాగానే ఉంటుంది. నట్టును వదిలిన క్షణంలోనే "ఒకటి" అని లెక్క మొదలుపెట్టి ఉంటారు, అంటే వాళ్లు కొలిచింది పంతొమ్మిది డోలనాలే. ఆ పొరపాటు మీరు పట్టివ్వకండి. పక్కనున్న మరొకరికి 40 వస్తుంది, ఇద్దరూ వాదించుకుంటారు, చివరికి వదిలేటప్పుడు "సున్నా" అనాలని వాళ్లే తేల్చుకుంటారు. కొలత అంటే ఏమిటో ఆ వాదనలో తెలిసినంతగా పాఠం చెబితే తెలియదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. దారం పొడవు సగానికి, అంటే 50 సెంటీమీటర్లకు తగ్గిస్తే ఇరవై డోలనాలకు ఎంత పడుతుంది? కొలిచే ముందు ప్రతి ఒక్కరూ తమ ఊహను నోటు పుస్తకంలో రాయాలి. ఇది తప్పనిసరి. రాయకపోతే జవాబు వచ్చాక అందరూ "నేనూ అదే అనుకున్నా" అంటారు. చాలామంది 20 అని రాస్తారు. కొలిస్తే 28 సెకన్లు వస్తుంది. మళ్లీ కొలుస్తారు, మళ్లీ 28. మరి 20 సెకన్లు రావాలంటే దారం ఎంత ఉండాలి? వెతకనివ్వండి. కత్తిరిస్తూ, ముడి వేస్తూ, చివరికి 25 సెంటీమీటర్ల దగ్గర దొరుకుతుంది. సమయం సగం కావాలంటే పొడవు నాలుగో వంతు కావాలి.

ఇక్కడ వర్గమూలం గురించి చెప్పాలని మీ నాలుక దురద పెడుతుంది. చెప్పకండి. ఆ సంఖ్యలు పుస్తకంలో అలాగే ఉండనివ్వండి, రెండేళ్ల తర్వాత వాటికి పని పడుతుంది.

తర్వాతి ప్రశ్న బరువు. ఒక నట్టు బదులు మూడు నట్లు కడితే? త్వరగా ఊగుతుందని కొందరు, మెల్లగా అని కొందరు అంటారు. పొడవు మారకపోతే సమయమూ మారదు. కానీ మూడు నట్లను ఒకదాని కింద ఒకటి కట్టినవాళ్లకు సమయం కొద్దిగా పెరుగుతుంది, "బరువు పెరిగితే సమయం పెరుగుతుంది" అని రాసేస్తారు. అప్పుడు ఒక్క మాట అడగండి: "బరువు ఒక్కటే మార్చావా, ఇంకేమైనా మారిందా?" నట్లు కిందికి వేలాడేసరికి బరువు మధ్య భాగం కూడా కిందికి జరిగిందని, అంటే పొడవు పెరిగిందని గమనించిన పిల్లను మీరిక వెనక్కి లాగలేరు.

మీ నోటికి కొన్ని నియమాలు

పెద్దవాళ్లు చెడగొట్టేది ఎక్కువగా ఇక్కడే. మూడు ప్రశ్నలు చేతిలో పెట్టుకోండి: "నీకెలా తెలిసింది?", "మళ్లీ చేస్తే ఇదే వస్తుందా?", "ఏది మార్చావు, ఏది మార్చకుండా ఉంచావు?" ఈ మూడింటితో చాలా దూరం వెళ్లవచ్చు. మీకు తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పండి, ఎక్కడ వెతకాలో కలిసి చూడండి. ఉపాధ్యాయుడికి తెలియనిది ఉంటుందని తెలిస్తే పిల్లల దృష్టిలో మర్యాద తగ్గుతుందని కొందరి భయం. నేను చూసినంతవరకు పెరుగుతుంది.

కొలత పుస్తకంలో ఇచ్చిన విలువకు దూరంగా వస్తే దాన్ని దిద్దించకండి. రావలసిన సంఖ్య ముందే రాసుకుని, దానికి తగ్గట్టు పట్టికను వెనక నుంచి నింపే అలవాటు చాలా బడుల్లో ఉంది. రికార్డు పుస్తకం శుభ్రంగా ఉంటుంది, మార్కులు వస్తాయి, సైన్స్ మాత్రం ఆ రోజుతో పోతుంది. తేడా వచ్చిన కొలతను అలాగే ఉంచి, పక్కన "ఎందుకు తేడా వచ్చి ఉంటుంది?" అని రెండు పంక్తులు రాయమనండి. మార్కులు ఇచ్చేది మీరే అయితే ఆ రెండు పంక్తులకు ఇవ్వండి.

పొగడ్త విషయంలోనూ జాగ్రత్త. "నువ్వు తెలివైనవాడివి" అంటే ఆ పేరు పోతుందేమోనని వాడు కష్టమైన ప్రశ్న జోలికి పోడు. "అనుమానం వచ్చి ఐదుసార్లు కొలిచావు చూడు, అది బాగుంది" అనండి.

తర్వాత ఇంజినీరింగ్: విరగ్గొట్టి మళ్లీ కట్టడం

సైన్స్ ఉన్నదాన్ని అర్థం చేసుకుంటుంది. ఇంజినీరింగ్ లేనిదాన్ని, ఇచ్చిన పరిమితుల్లో, పనిచేసేలా తయారుచేస్తుంది. ఈ తేడా మాటల్లో చెబితే పరీక్షలో రాసే జవాబవుతుంది. ఒక ఏ4 కాగితం ఇచ్చి చూపించండి.

రెండు పుస్తకాల కుప్పల మధ్య 20 సెంటీమీటర్ల ఖాళీ వదలండి. దాని మీద ఒకే కాగితంతో వంతెన వేయాలి. జిగురు లేదు, టేపు లేదు. మధ్యలో నాణేలు ఒక్కొక్కటిగా పెడుతూ పోవాలి. కాగితాన్ని ఊరికే పరిస్తే మొదటి నాణేనికే వంగిపోతుంది. కాసేపటికి ఎవరో ఒకరు కాగితాన్ని విసనకర్రలా మడతలు వేస్తారు. మడతలు ఒక కుప్ప నుంచి ఇంకో కుప్పకు నిలువుగా పోతే వంతెన ఆశ్చర్యపోయేంత బరువు మోస్తుంది. అడ్డంగా వేస్తే సాగి కూలిపోతుంది. కాగితం అదే, బరువు అదే, దాన్ని పెట్టిన తీరు వేరు. ఇనుప దూలాలను చదునైన పట్టీల్లా కాకుండా నిలువు గోడ, పైనా కిందా రెక్కలు ఉండేలా చేయడంలోనూ ఇదే సూత్రం ఉంది. పదార్థం మధ్య నుంచి పైకీ కిందికీ ఎంత దూరంగా ఉంటే వంగకుండా అంతగా నిలుస్తుంది.

కూలిన వంతెనను వెంటనే చెత్తబుట్టలో వేయనివ్వకండి. ముందు ఎక్కడ వంగింది? మధ్యలోనా, అంచు దగ్గరా? మడతలు విచ్చుకున్నాయా, నలిగాయా? బొమ్మ వేసి గుర్తు పెట్టాలి. అప్పుడే రెండో కాగితం ఇవ్వాలి. పోటీలు పెట్టే బడులు సాధారణంగా మొదటి విడతకే బహుమతులు పంచి ముగించేస్తాయి. నా దృష్టిలో అది సగంలో ఆపేసిన పాఠం. ఇంజినీరింగ్ ఉన్నదే రెండో కాగితంలో. బహుమతి ఇవ్వాలనుకుంటే మొదటి విడతకూ రెండో విడతకూ మధ్య ఎవరి వంతెన ఎక్కువ మెరుగుపడిందో చూసి ఇవ్వండి. అప్పుడు మొదటిసారి ఘోరంగా కూలినవాడికి కూడా గెలిచే దారి ఉంటుంది.

ఇది అయ్యాక చిన్న మోటారు చేయించండి. ఎనామిల్ పూత ఉన్న సన్నని రాగి తీగను పది చుట్లు చుట్టి, రెండు కొసలను ఎదురెదురుగా బయటికి తీయాలి. 1.5 వోల్టుల సెల్లు రెండు చివర్లకు రెండు పిన్నీసులు టేపుతో అంటించి, వాటి కన్నాల్లో ఆ కొసలు ఆనించాలి. చుట్ట కింద ఒక అయస్కాంతం. అంతే. కానీ మొదటిసారి దాదాపు ఎవరిదీ తిరగదు. పూత గీకకపోతే కరెంటు పారదు, అది తేలిగ్గానే దొరుకుతుంది. రెండు కొసలూ పూర్తిగా గీకేసినవాళ్ల చుట్ట మాత్రం అటూ ఇటూ కొట్టుకుని ఆగిపోతుంది. సగం తిప్పు తిరిగాక అదే కరెంటు దాన్ని వెనక్కి నెడుతుంది కాబట్టి అలా జరుగుతుంది. అందుకే ఒక కొసను చుట్టూ గీకి, రెండోదాన్ని చుట్ట నిలువుగా ఉన్నప్పుడు పైసగం మాత్రమే గీకాలి. సగం తిప్పులో కరెంటు తోస్తుంది, మిగతా సగం ఊపు మీద పోతుంది. ఈ కిటుకు చివరి వరకు దాచండి. చుట్ట గిర్రున తిరిగిన క్షణంలో వేసే కేక కోసమైనా దాచాలి.

రెండు జాగ్రత్తలు. తిరగని చుట్టను సెల్లుకు తగిలించి వదిలేస్తే తీగ, సెల్లు బాగా వేడెక్కుతాయి, కాబట్టి వెంటనే తీసేయాలి. చిన్నచిన్న శక్తిమంతమైన అయస్కాంతాలు పసిపిల్లల చేతికి చిక్కకూడదు. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి అతుక్కుని ప్రాణం మీదికి తెస్తాయి.

జట్టులో ఎవరి చేతిలో ఏముందో చూడండి

నలుగురేసి పిల్లలను కూర్చోబెట్టి, పది నిమిషాల తర్వాత ఒక చుట్టు తిరగండి. స్క్రూడ్రైవర్ ఎవరి చేతిలో ఉంది? అక్షరాలు బాగుంటాయని నోటు పుస్తకం ఎవరికి అప్పగించారు? చాలాసార్లు మగపిల్లలు బిగిస్తుంటారు, ఆడపిల్లలు రాస్తుంటారు. ఎవరూ కావాలని చేయరు, అలా జరిగిపోతుంది. ఏడాది గడిచేసరికి రాసిన పిల్ల "నాకు మోటార్లు రావు" అంటుంది, నిజంగానే రావు, తాకితే కదా. పది నిమిషాలకొకసారి పనులు మార్చండి. కొత్తగా వచ్చినవాళ్లకు, మాట్లాడని పిల్లలకు కూడా ఇదే మందు.

లెక్కలను పక్కకు నెట్టకండి

సైన్స్ సరదాగా ఉండాలని లెక్కలు తీసేసేవాళ్లున్నారు. అది పిల్లలకు చేసే అన్యాయం. కొన్నేళ్లకు ఆ తలుపు మూసుకుపోతుంది, ఎందుకు మూసుకుందో వాళ్లకు తెలియదు కూడా. పద్నాలుగేళ్ల పిల్లకు పాత లోలకం (దారానికి కట్టి ఊపిన నట్టు) పట్టిక మళ్లీ ఇవ్వండి. పొడవు ఒక అక్షం మీద, ఒక డోలనానికి పట్టిన సమయం మరో అక్షం మీద పెట్టి గీస్తే గీత వంగుతుంది. సమయానికి బదులు దాని వర్గం పెట్టి గీయమనండి. ఒక మీటరుకు 4, అర మీటరుకు 2, పావు మీటరుకు 1. వంపు లేని సరళరేఖ. రెండేళ్ల క్రితం దాచిన వర్గమూలం ఇప్పుడు తనంతట తానే బయటికొస్తుంది.

భిన్నాలు, నిష్పత్తులు, దశాంశాలు తడబడే పిల్లలుంటే వాటిని విడిగా, నలుగురిలో నగుబాటు లేకుండా, రోజుకో అరగంట సరిచేయండి. దీనికి అడ్డదారి లేదు.

మనుషులను చూపించండి, విగ్రహాలను కాదు

మేరీ క్యూరీకి 1903లో భౌతికశాస్త్రంలో, 1911లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయని గోడ మీద రాయడం మంచిదే. కానీ దాన్ని చూసి "నేనెక్కడ, ఆమె ఎక్కడ" అనుకునే పిల్లలే ఎక్కువ. రెండు తరగతులు పైనున్న అక్క వచ్చి "మొన్న నా మోటారు తిరగలేదు, ఇలా సరిచేశాను" అని చెబితే దాని బలం వేరు.

పనిచేసే ఇంజినీర్లను, సాంకేతిక నిపుణులను పిలిచేటప్పుడు ముందే ఒక షరతు పెట్టండి: ప్రసంగం వద్దు, పాడైపోయిన భాగం ఒకటి తీసుకురండి. అరిగిన బేరింగ్, కాలిపోయిన సర్క్యూట్ బోర్డు, తుప్పుపట్టిన పైపు ముక్క, ఏదైనా సరే. అది ఎలా పాడైంది, ఎలా కనిపెట్టారు, మళ్లీ కాకుండా ఏం మార్చారు, ఈ మూడూ చెబితే గంట చాలదు. పిలిచే మనుషుల్లో వైవిధ్యం ఉండాలి. నీటిశుద్ధి చేసేవారు, ఆసుపత్రి యంత్రాలు సరిచేసేవారు, వంతెనలు తనిఖీ చేసేవారు, విత్తనాల మీద పరిశోధన చేసేవారు. ఇంజినీరింగ్ అంటే కంప్యూటర్ ముందు కూర్చోవడమే అనుకునే పిల్లలకు ఇది అవసరం.

వచ్చినవారు మాట్లాడుతుంటే పిల్లలు నోట్సు రాసుకోవాలి. మైకేల్ ఫారడే జీవితంలోని ఒక సంగతి ఇక్కడ చెప్పవచ్చు. చదువు పెద్దగా లేని ఫారడే పద్నాలుగో ఏట పుస్తకాలు బైండు చేసే అంగడిలో పనికి కుదిరాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. 1812లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు వినే అవకాశం దొరికితే, విన్నదంతా వివరంగా రాసి, బొమ్మలు వేసి, తానే బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడాది డేవీ పనిచేసే లండన్ విజ్ఞాన సంస్థ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడిగా చేరాడు. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను, అంటే తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని, కనుగొన్నాడు. నేటి విద్యుత్ జనరేటర్లు నడిచేది దాని మీదే. పిల్లల కోసం ఆ సంస్థలో 1825లో మొదలైన క్రిస్మస్ ఉపన్యాసాల వెనకా ఆయనే ఉన్నాడు. మీ పిల్లలు కూడా తమ నోట్సును ఒక మంచి ప్రశ్నతో కలిపి ఆ వచ్చిన ఇంజినీరుకు పంపాలి. జవాబు వస్తే తరగతిలో చదవండి.

నెల రోజుల పని ఒకటి పెట్టండి

అరగంటలో తేలే ప్రయోగాలే చేస్తుంటే ఓపిక అలవడదు. సాయంత్రం ఆకాశంలో గురుగ్రహం కనిపించే నెలల్లో, బైనాక్యులర్లను కదలకుండా ఏదైనా స్టాండుకు బిగించి చూడమనండి. గ్రహానికి అటూ ఇటూ ఒకే వరుసలో నాలుగు దాకా చుక్కలుంటాయి, అవి దాని చుట్టూ తిరిగే ఉపగ్రహాలు. గెలీలియో 1610 జనవరి 7న మొదట మూడు చూశాడు, నాలుగోది కొన్ని రోజులకు కనిపించింది. ప్రతి రాత్రీ ఒక గీత, మధ్యలో సున్నా, చుక్కలున్న చోట చుక్కలు. అంతే పని. రెండో వారానికి చుక్కలు చోటు మారుతున్నాయని, కొన్ని త్వరగా, కొన్ని నెమ్మదిగా తిరుగుతున్నాయని బొమ్మలే చెబుతాయి. అన్నిటికన్నా లోపలిది సుమారు 42 గంటల్లో, బయటిది దాదాపు 17 రోజుల్లో ఒక చుట్టు తిరుగుతుంది. బైనాక్యులర్లను సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పకూడదని మొదటి రోజే గట్టిగా చెప్పండి. మూడో వారం చాలామంది మానేస్తారు. తిట్టకండి, మిగిలినవాళ్లతో కొనసాగించండి.

వైజ్ఞానిక ప్రదర్శన వస్తే కొనితెచ్చిన నమూనాలు వద్దు. ప్రశ్న, ముందు రాసిన ఊహ, కొలతల పట్టిక, కుదరనిది ఏమిటి, ఈ నాలుగూ ఉన్న అట్ట చాలు, అది వంకరటింకరగా ఉన్నా సరే.

సబ్జెక్టులు ఎంచుకునే వేళ

ఇక్కడ తొందరపడేది పెద్దవాళ్లే. ముందు ఆ కోర్సు రెండో సంవత్సరం చదువుతున్న ఒకరిని కలిపించండి. "రోజులో నీకు విసుగు పుట్టించే గంట ఏది?" అని మీ అమ్మాయినే అడగమనండి. ఏ శాఖకు ఏ స్థాయి గణితం కావాలో ముందే కనుక్కోండి, ఇది చివరి నిమిషంలో తెలిస్తే దారులు తగ్గిపోతాయి. డిగ్రీ దారే కాక డిప్లొమా, సాంకేతిక శిక్షణ దారులు కూడా బల్ల మీద పెట్టండి. చేత్తో పనిచేయడం ఇష్టపడే పిల్లలు అక్కడ రాణిస్తారు.

మార్కుల జాబితాతో పాటు పిల్లల పాత నోటు పుస్తకాలు కూడా తెరవండి. ఎవరూ చెప్పకుండా చేసిన పేజీలు వెతకండి. కొలతలు, పట్టికలు ఎక్కువుంటే ఒక సూచన, యంత్రాల బొమ్మలు, "ఇలా మారిస్తే" అన్న రాతలుంటే మరొకటి, మొక్కలూ పురుగులూ నిండి ఉంటే ఇంకొకటి. అలాంటి పేజీలు లేకపోతే ఇప్పుడే తేల్చమని పట్టుబట్టకండి. గణితం మాత్రం వదలకుండా ఉండేలా చూసి, మరో ఏడాది గడువివ్వండి.